పదిహేనో రోజు కడిగిన ట్యూబు

1976 వేసవిలో ఒక పొద్దున, ఆస్పత్రి ల్యాబులో పనిచేసే ఇస్సాకు, ఆగయ్య అనే రోగి పుండులోంచి తీసిన ముక్క వేసి ఉంచిన ట్యూబును కిటికీ దగ్గరికి తెచ్చి చూశాడు. మూడు వారాలు ఏమీ లేనిచోట, నాలుగో వారంలో నల్లటి మఖమలు పరిచినట్టు బూజు పెరిగింది. దాన్ని మైక్రోస్కోపు కింద చూసి డాక్టర్ రాజరాజేశ్వరి తల ఎత్తింది.

"ఆగయ్యది క్షయ కాదు ఇస్సాకూ, ఫంగస్. మెల్లగా పెరిగే రకం. మరి కిందటేడు ఏమీ పెరగలేదని రాశామే?"

రాసింది ఇస్సాకే. నెల రోజులు ఉంచాల్సిన ట్యూబును, ఖాళీవి చాలడం లేదని పదిహేనో రోజే కడిగేశాడు. 'ఏమీ పెరగలేదు' అన్న ఆ ఒక్క మాట పట్టుకుని, ఫంగస్ కాదని వదిలేసి, కట్టెల అడితిలో పనిచేసే ఆగయ్య పాదం మీది పుండును చర్మక్షయ అనుకున్నారు. మూడు నెలలు క్షయ సూదులు పొడిచారు. పుండు మానలేదు సరికదా, ఆ మందుకు చెవులు పోయాయి. అతను కుంటుకుంటూ మళ్లీ వస్తేనే ఈ రెండో పరీక్ష.

"అప్పుడు ట్యూబు ముందే కడిగేసిన మేడం," అన్నాడు.

ఆమె కళ్లద్దాలు తీసింది. "ఎన్నాళ్లు ఉంచావని నేనూ అడగలేదు కదా."

ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

ఆదివారం చర్చికి పోకుండా, పుండుకు మందు పట్టుకుని ఫలక్‌నుమాలో ఆగయ్య ఇంటికి వెళ్లాడు. ఆగయ్య గడప మీద కాలు చాపుకుని ఉన్నాడు. భార్య నీలమ్మ బియ్యం ఏరుతోంది. ఇస్సాకు వంగి జరిగింది మెల్లగా చెప్పాడు.

"ఏంది భాయ్? గట్టిగ చెప్పు, ఇనొస్తలేదు."

గొంతు పెంచాడు. ఆగయ్య ఇంకా పెంచమన్నాడు.

"తప్పు నాదే అన్నా! నా వల్లనే నీ చెవులు పోయినయ్!"

గల్లీ గల్లీ అంతా బయటికొచ్చింది. నీలమ్మ చేట కింద పెట్టేసింది.

ఆగయ్య అతని మొహంలోకే చూస్తూ, "పుండుకు మందున్నదా?" అన్నాడు.

ఇస్సాకు తలూపాడు.

"మరి చెవులకు?" అంది నీలమ్మ.

అతను అడ్డంగా తలూపాడు.

"మందిచ్చి పో. ఇంట్లకు మాత్రం రాకు," అందామె.

ఏడాది పొడుగునా ఇస్సాకే మందు తెచ్చిచ్చాడు. నీలమ్మ గడప దగ్గరే అందుకునేది, ఒక్కనాడూ కూర్చోమనలేదు. ఆగయ్య మాత్రం మానుతున్న పాదం చాపి, "మస్తు తక్కువైంది భాయ్!" అనేవాడు, తన గొంతు తనకే వినపడక, వీధి చివరిదాకా వినిపించేలా.