ఇంటికో మాట

తబిత పొయ్యి మీద అన్నం వదిలేసి బయటికొచ్చేసరికి, ఆమె గోడ మీద ఎర్ర రంగుతో ఇంటూ మార్కు పెట్టి మనుషులు పక్కింటికి వెళ్ళిపోతున్నారు. ఖరగ్‌పూర్‌లో సుభాష్‌పల్లి వెనక ఉన్న ఆ తెలుగు బస్తీలో ముందు వరస ఇళ్ళన్నిటికీ అదే గుర్తు. సందు మొదట్లో జేసీబీ ఆగి ఉంది.

“ఎవులు సెప్పినారు మీకు?” అని అరిచింది.

“సిరిల్ దాదా,” అన్నాడొకడు వెనక్కి తిరక్కుండానే.

ఆ పేరు వినగానే ఆమెకు కోపం రాలేదు. నమ్మబుద్ధి కాలేదు, అంతే.

తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికొచ్చిన నాటి నుంచీ ఆ బస్తీకొక ఆచారం ఉండేది. ఏ సంగతి తేలాలన్నా కంచం మోగించేవారు. మా కాలంలో ఆ పని వెనక వరస జోగమ్మది. అందరూ సందులో కూచునేవారు. ఇంటికో మాట. తాగుబోతుదైనా, మంచాన పడ్డ ముసలమ్మదైనా మాట మాటే. అందరిదీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. కాలవ తవ్వుకోవాలన్నా ఆదివారాలు గడిచిపోయేవి. విసుగే, కాదనను.

ఆ విసుగే సిరిల్‌కి కలిసొచ్చింది. ఫిట్టరు కొడుకు, మనవాడు. మన యాసలోనే తిడతాడు, ఎవరింట చావైనా ముందుంటాడు. కుళాయి తెచ్చాడు, వీధి దీపం తెచ్చాడు. బస్తీ సంఘానికి అధ్యక్షుణ్ణి చేసిన రోజున, గోల్‌బజార్ నుంచి తెచ్చిన పూలదండల బరువుకి మెడ వంచి, “ఇన్ని నోళ్ళేటికి? మీ అందరికీ ఒక్క నోరై నానుంటాను. అడ్డొచ్చినోడు బస్తీకే శత్రువు,” అన్నాడు. ఇంటికో మాట ఇక అక్కర్లేదని బస్తీ అంతా చప్పట్లు కొట్టింది. మొదలుపెట్టింది తబితే.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

సిరిల్ నవ్వుతూ వచ్చాడు. “కంగారు పడకు సెల్లీ. ఈ వరస తీసేస్తే షాపులొస్తాయి, బస్తీ బాగుపడతాది. మీకు ఇండస్ట్రియల్ పార్కు అవతల రేకుల షెడ్లు సూసినాను.”

“మమ్మల్నడగలేదేటన్నా?”

“అడగడమేటి? బస్తీ మాటంటే నా మాటే గదా. నువ్వే గదా సప్పట్లు కొట్టినావు!”

దోచుకుపోతే దొంగని తిట్టుకోవచ్చు. చేతులారా అప్పగించిన దాన్ని ఏమని అడుగుతాం?

వెనక వరసలోకి పరుగెత్తింది. జోగమ్మ గోడ మీద ఏ గుర్తూ లేదు.

“పిన్నీ, కంచం కొట్టు. అందర్నీ పిలు.”

జోగమ్మ గుమ్మం దాటలేదు. “ఆ రోజులెల్లిపోనాయమ్మా. ఆడికి కోపమొస్తే రేపు మా వరస మీద పడతాడు. నన్నొగ్గీ.”

తన పెళ్ళికి పసుపు దంచిన మనిషి తలుపేసి గడియ పెట్టుకుంది. సిరిల్ మోసం కన్నా ఆ గడియ చప్పుడే తబితకి ఎక్కువ నొప్పి పెట్టింది.

తిరిగొచ్చేసరికి ముందు వరస వాళ్ళందర్నీ నిలబెట్టి ఒకడు ఫోనులో వీడియో తీస్తున్నాడు. సిరిల్ చేతిలో తాళంచెవుల గుత్తి ఉంది.

“బస్తీ మంచి కోసం ఇష్టంగానే ఇల్లిస్తన్నానని ఒక్క మాట సెప్పు సెల్లీ. షెడ్డు తాళం ఇప్పుడే ఇచ్చేస్తాను.”

తబిత తన గుమ్మంలో కూచుంది. “సెప్పను.”

“సెప్పకపోతే షెడ్డూ లేదు.”

“లేకపోతే మానె. పడగొట్టుకుంటే పడగొట్టుకో, నీ సేతిలో పని. తబిత ఒప్పుకుందని మాత్రం సెప్పకు. ఆ మాట నీకివ్వను.”

సిరిల్ నవ్వు పోయింది. జేసీబీ వైపు చెయ్యి ఊపి, ఒక తాళంచెవి పక్కింటి లూకా చేతిలో పెట్టాడు. ఇంజను మొదలైంది. ఫోను లూకా ముఖం దగ్గరికొచ్చింది.

“సెప్పరా,” అన్నాడు సిరిల్.

లూకా తాళంచెవి పట్టుకుని, గుమ్మంలో కూచున్న తబిత వైపు చూస్తూ, నోరు విప్పకుండా నిలబడ్డాడు.