ఎక్కడ దిగేవు మావా?

అసిరయ్య బ్లేడు ముక్కతో రెగ్జిను కుట్లు తెంపుతున్నాడు. పాత సీటు పొట్ట మీద మోకాలు ఆనించి, ఎడమ చేత్తో అంచు లాగి పట్టుకుని, కుడి చేత్తో దారం కోసుకుంటూ పోతున్నాడు. కుట్టు విడిపోయిన కొద్దీ లోపల్నించి జనం బయటికొస్తున్నారు. వేరుశెనగ తొక్కలు, తల్లో పిన్నులు, నలిగిపోయిన టికెట్లు, ఏ పసిపిల్లదో ఒక నల్లగాజు. అన్నీ రేకు డబ్బాలోకి ఊడ్చేశాడు. మొదట్లో గాజులూ గట్రా ఏరి పక్కన పెట్టేవాడు, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. బస్సు దిగినవాడు సీటు వైపు మళ్ళీ చూడడు.

శ్రీకాకుళం బైపాసు పక్కన రంగనాథం బస్సుల షెడ్డు అది. పైన రేకులు, కింద ఆయిలు తాగి నల్లబడ్డ నేల. ఒక మూల వెల్డింగు, ఇంకో మూల సీట్ల పని. సీట్ల మూలలో మడత పెట్టిన గోనెపట్టా ఒకటి ఉంటుంది. అసిరయ్య కూచునేది దాని మీదే. రంగనాథం తండ్రి నాటి నుంచీ మనుషుల నడుములకు మెత్తగా ఉండాలని కుడుతున్నవాడికి తన కింద ఒక దిండు వేసుకోవాలని ఎప్పుడూ తోచలేదు. తోచినా ఎవరూ వద్దనేవారు కాదు. కొన్ని బతుకుల్లో అలాంటివి తోచవు, అంతే.

మనిషి పొట్టి. వంగి వంగి కుట్టడంతో వీపు గుండ్రంగా తిరిగిపోయింది. నడుస్తూంటే కింద పడిపోయిందేదో వెతుక్కుంటున్నట్టుంటాడు. కుడి బొటనవేలి గోరు మధ్యకి చీలి, అలాగే గట్టిపడింది. ఆ చీలికలో దారం ఇరికించి ముడేస్తాడు. అరవై దగ్గరపడ్డా కళ్ళజోడు లేదు.

ఈ ఉదయం నుంచీ ఎడమ భుజం లాగుతోంది. రెగ్జిను లాగడం వల్ల అనుకున్నాడు. రెండుసార్లు తేన్పు వచ్చినట్టే వచ్చి రాలేదు.

"మావా, మొకమేటి అలాగున్నాది? రాత్రి అత్త తిట్టిందా?" అన్నాడు వెల్డింగు నరసింగరావు, నల్లద్దాల కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ.

"తిట్టడానికి దానికి ఓపికేదిరా."

అది నిజమే. పెళ్ళాం దాలమ్మకు ఓపిక లేదు. ఆమెది ఉద్దానం. అక్కడి జనానికి మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో తెలుసుకుంటామని వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, సీసాల్లో నీళ్ళు పట్టుకుపోతూనే ఉన్నారు. దాలమ్మ కిడ్నీలు ఆ సంగతి తేలేదాకా ఆగలేదు. రక్తం శుభ్రం చేయించుకోడానికి వారానికి రెండుసార్లు విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళాలి. రంగనాథం బస్సులో పొద్దున్న వెళ్ళి, అదే బస్సులో సాయంత్రం తిరిగొస్తుంది. రంగనాథం ఆమె దగ్గర టికెట్టు పుచ్చుకోడు. ఆ మంచి బుద్ధి ఒకటుంది ఆయనకి. దాని బరువు అసిరయ్య మెడ మీద ఉంటుంది.

ఆ బస్సులో ఏడో నెంబరు సీటు అసిరయ్య చేతి పని. పైకి అన్ని సీట్లలాగే ఉంటుంది. లోపల కొబ్బరి పీచు ఒక వరస, దాని మీద దూది, దాని మీద ఫోము. కండ కరిగిపోయి దాలమ్మకు తుంటి ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి. సూదులు గుచ్చిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు ఒరిగి కూచుంటుంది. ఆ వైపే దిగిపోతూ ఉంటుంది సీటు. నెలకోసారి విప్పి, ఆ పక్క ఇంకాస్త కూరి, మళ్ళీ కుడతాడు. వీపు వెనక్కి వాలేలా నరసింగరావు చేత మర బిగింపించాడు. వచ్చేటప్పుడు ఆమె కూచోలేక వాలిపోతుంది.

ఇప్పుడు ఆ సీటుకే వచ్చింది తంటా.

రంగనాథం మొన్న పెళ్ళికని హైదరాబాదు విమానంలో వెళ్ళొచ్చాడు. చవక టికెట్టు విమానం. వచ్చిన మర్నాడే షెడ్డుకొచ్చి, ఫోనులో ఫోటోలు తిప్పి తిప్పి చూపించాడు.

"ఒరే అసిరయ్యా, సీటంటే అదిరా. అట్టముక్కంత పల్చన. వెనక్కి వాలదు. ముందు సీటు ఎనకుండే కాయితాల సంచి మోకాళ్ళ కాడి నుంచి తీసీసి పైన కుట్టేరు, మోకాళ్ళకి చోటు మిగలాలని. ఆ సంచిలో పుస్తకం ఉంటే తీసి చూశాను. మీ సుఖం కోసమే మా కొత్త సీట్లు అని రాసేరు. ఒక్కడైనా నోరెత్తితేనా! ఇమానంలో నోరెత్తనోడు బస్సులో ఎత్తుతాడేటి?"

"ఇమానంలో ఎలాగెత్తుతాడండి బాబూ?" అన్నాడు నరసింగరావు. "దించీమంటే ఎక్కడ దించుతారు?"

రంగనాథం కూడా నవ్వాడు. ఆయన కాళ్ళు ఏ సీట్లో కూచున్నా నేలకానవు. అలాంటివాడికి మోకాళ్ళ చోటు గురించి ఏం తెలుస్తుంది. ఆ సీట్లు వేస్తే బస్సుకి రెండు వరసలు ఎక్కువ పడతాయి. ఆయనకి తెలిసింది అది.

నరసింగరావు ఇనప గొట్టాలు వంచి జంట సీటొకటి నమూనాకి చేశాడు. అసిరయ్య దానికి రొట్టె మందాన ఫోము వేసి, నల్ల రెగ్జిను తొడిగాడు. నిన్న సాయంత్రం ఆఖరి కుట్టు పడింది. ఇవాళ అందులో కూచోవాలి.

కూచోవడం ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ. కొత్తరకం సీటు ఏది తయారైనా అసిరయ్య అందులో కూచుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. మనసులో బస్సు కదుల్తుంది. ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం, పైడిభీమవరం, చంపావతి వంతెన, భోగాపురం, తగరపువలస. గతుకులన్నీ ఆయనకి తెలుసు. ఎక్కడ నడుం పట్టేస్తే అక్కడ కళ్ళు తెరుస్తాడు. ఆయన కళ్ళు మూసుకునున్నంతసేపూ ఎవరూ పలకరించకూడదు, వెల్డింగు కూడా ఆపెయ్యాలి. కళ్ళు తెరిచాక, "ఎక్కడ దిగేవు మావా?" అని అడుగుతారు. "భోగాపురంలో దిగీసినాన్రా" అంటే ఆ సీటు మళ్ళీ విప్పాల్సిందే. అసిరయ్య విశాఖపట్నం చేరని సీటు మన బస్సెక్కకూడదని రంగనాథం తండ్రి పెట్టిన కట్టడి. శుక్రవారం శుక్రవారం ఇంజనుకి హారతిచ్చినట్టే రంగనాథం దీన్ని కూడా పాటిస్తున్నాడు. తండ్రి పోయాక వ్యాపారం పెరిగింది. ఎందువల్ల పెరిగిందో తెలీదు కాబట్టి దేన్నీ మానడు.

పొద్దున్న బస్సెక్కిస్తున్నప్పుడు దాలమ్మ అడిగింది.

"ఆ పలక సీట్లో కూకోవడం ఇయ్యేలేనా?"

"ఇయ్యేలే."

"ఎక్కడ దిగుతావేటి?"

"రణస్థలంలో దిగిపోతాను."

దాలమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే పెదాల మీద పొక్కులు చిట్లుతాయని కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో! కూకోకముందే సెప్పెస్తన్నావు. నువ్వు అబద్దమాడితే ఆ బాబు నీ మొకం సూసి కనిపెట్టీడా?"

"కళ్ళు మూసుకునే సెప్తాను."

"వద్దులే. టిక్కెట్టు లేకుండా తిప్పుతన్నాడు మనల్ని. నేనెలాగోలాగ సర్దుకుంటాను."

అసిరయ్య ఆమె నడుం పక్కన తువ్వాలు మడతేసి కూరాడు. ఎలా సర్దుకుంటుందో ఆయనకి తెలుసు. ఆ ఇనప గొట్టం మీద, నిటారుగా నిలబెట్టిన వీపుతో, ఆసుపత్రి నుంచి శ్రీకాకుళం దాకా. నాలుగైదుసార్లు సర్దుకుంటుంది. తర్వాత వెళ్ళనంటుంది. వెళ్ళకపోతే ఎన్నాళ్ళుంటుందో డాక్టరు ముందే చెప్పాడు. సీటు విషయంలో అసిరయ్య ఇంతవరకు ఎవరికీ అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు కూడా.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. ముంతలో గంజి తాగి, మిగిలింది కుక్కకి పోశాడు. కాసేపటికి రంగనాథం వచ్చాడు, నుదుట బొట్టూ జేబులో ఫోనూ.

"కానీరా అసిరయ్యా. కాయితాల సంచి కూడా పైనే కుట్టేవు కదా? శభాష్!"

అసిరయ్య నమూనా సీట్లో కిటికీ వైపు స్థానంలో కూచున్నాడు. రెండు వైపులా చేతికొయ్యలు డొక్కల్ని పట్టుకున్నాయి. సీటు వీపు నిటారుగా నిలబడింది. తన గుండ్రటి వీపు దానికి ఎక్కడా అతకలేదు, ఒక్క చోట ముల్లులా ఆనింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నరసింగరావు వెల్డింగు ఆపేశాడు.

బస్సు కదిలింది. నాగావళి వంతెన దాటింది. ఎచ్చెర్లకే తొడల కింద గొట్టం తెలిసింది. చిలకపాలెం దగ్గర నడుం పట్టింది. అబద్ధం ఆడాల్సిన పని లేదని అసిరయ్యకు తేలిగ్గా అనిపించింది. సీటు నిజంగానే బాగాలేదు. ఇంకాస్త ఆగి, మాట ప్రకారం రణస్థలంలో దిగిపోతే సరి.

రణస్థలం వచ్చింది. కళ్ళు తెరవబోయాడు. అప్పుడే భుజం నుంచి దవడ దాకా మరో నొప్పి పాకింది. ఇది సీటు నొప్పి కాదు. సీటు మీదికి సీటుది కాని నొప్పి నెట్టడం పద్ధతి కాదు. ఇది కాస్త తగ్గనీ, అప్పుడు సీటుది ఎంతో, తనది ఎంతో విడదీసి చెప్పొచ్చు అనుకున్నాడు. పైడిభీమవరం దాటింది. నొప్పి తగ్గలేదు. కిటికీలోంచి చల్లగాలి వచ్చినట్టయి నుదురు తడిసింది. చంపావతి వంతెన మీద బస్సు అతుకు అతుక్కీ టక్కు టక్కుమంది. వంతెన సగంలో నొప్పి పోయింది.

షెడ్డులో రంగనాథం స్టూలు మీద కూచుని, ఫోనులో టైము చూసుకుంటూ, మధ్యమధ్యలో గుసగుసగా అన్నాడు.

"భోగాపురం దాటీసుంటాడు."

నరసింగరావుకి లోపల కోపంగా ఉంది. రణస్థలంలో దిగిపోతానని పొద్దున్న తనకీ చెప్పాడు మావ. ఇప్పుడేమో బాబు ముందు మంచివాడనిపించుకోడానికి పలక మీద హాయిగా కూచున్నాడు. ఇంటికెళ్ళి అత్తకేం చెప్తాడో చూడాలి.

"తగరపువలస," అన్నాడు రంగనాథం. మొహం వెలిగిపోతోంది. "మధురవాడ. ఒరే, ఇంక విశాఖపట్నమేరా! సూసేవా? ఇమానం సీటంటే ఏటనుకున్నావు!"

అసిరయ్య కళ్ళు తెరవలేదు. విశాఖపట్నం దాటి అనకాపల్లి చేరేంతసేపైంది. గడ్డం గుండెకి ఆని ఉంది. నిద్ర పట్టేసిందనుకుని రంగనాథం ఇంకా సంబరపడ్డాడు. నరసింగరావు ఇక ఉండబట్టలేక దగ్గరికెళ్ళాడు.

"ఎక్కడ దిగేవు మావా?"

పెదవి మీద ఈగ వాలి ఉంది. అది కదల్లేదు. నరసింగరావు భుజం పట్టుకున్నాడు. మనిషి ఏ పక్కకీ ఒరగలేదు. ఒరగడానికి ఆ సీట్లో చోటు లేదు. రెండు చేతికొయ్యలూ అటూ ఇటూ బిగించి పట్టుకున్నాయి.

పక్క వీధి కాంపౌండరు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, గుండెపోటన్నాడు, పోయి చాలాసేపైందన్నాడు. దించడానికి ఒక చేతికొయ్య విప్పాల్సి వచ్చింది. గోనెపట్టా పరిచి దాని మీద పడుకోబెట్టారు. రంగనాథం కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుపు దొంగది కాదు. తుడుచుకుంటూనే అన్నాడు.

"సీట్లో నొప్పుంటే లేచేవాడు కదరా, నరసింగా?"

"సచ్చినోడికి నొప్పేటండి బాబూ?"

రంగనాథం సీటు వైపు ఒకసారి చూసి, ఎండ తగలకుండా దాని మీద టార్పాలిన్ కప్పమన్నాడు.

పొద్దువాలుతుండగా విశాఖపట్నం బస్సొచ్చింది. నరసింగరావు ఎదురెళ్ళాడు. జనమంతా దిగాక ఆఖర్న దాలమ్మ దిగింది, చేతికి తెల్ల పట్టీ, చంకలో తువ్వాలు. మెట్టు మీద ఆగి అటూ ఇటూ చూసింది.

"మీ మావ రాలేదేటిరా?"

"షెడ్డులో ఉన్నాడత్తా."

"ఇంకా ఆ పలక మీదే కూకున్నాడేటి?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వబోతూ. "ఎక్కడ దిగేడంట?"

నరసింగరావు ఆమె చంకలో తువ్వాలు తీసుకున్నాడు. పట్టీ లేని చెయ్యి పట్టుకుని మెట్టు దింపాడు. ఆ చెయ్యి వదల్లేదు. ఆమె అతని మొహంకేసి చూసింది. మళ్ళీ అడగలేదు.

పై నెలలో బస్సులు ఒక్కొక్కటే కొత్త సీట్లకని షెడ్డుకొచ్చాయి. రంగనాథం తండ్రి కట్టడి ఏమీ మీరలేదు. అసిరయ్య దారిలో ఎక్కడా దిగలేదు కదా. కుట్టుపని రాజాం నుంచి వచ్చిన వాళ్ళు చేశారు. దాలమ్మ కొత్త సీట్లో రెండుసార్లు వెళ్ళింది. మూడోసారి వెళ్ళలేదు. ఏడో నెంబరు దిండు నరసింగరావు తన చేత్తో ఊడదీసి ఆమె ఇంటికి పట్టుకెళ్తే, మంచం మీంచి లేవకుండానే, "బస్సు సీటు ఇంట్లో ఏటి సేసుకుంటాన్రా, పట్టుకుపో" అంది.

అతను దాన్ని వెనక్కి తెచ్చి, షెడ్డు మూల గోనెపట్టా మీద పెట్టాడు. రాజాం వాళ్ళు దాని మీద కూచోరు, పక్కకి జరపరు. బరువు తీసేస్తే ఫోము ఎప్పటికైనా పైకి లేవాలి. ఇది లేవలేదు. కిటికీ వైపు, ఒక బక్క మనిషి ఒరిగి కూచునేంత మేర, అలాగే లోతుగా ఉండిపోయింది.