వెర్నా చివరి కేకు

మా అక్క వెర్నా పోయిన ఏడు వారాలకు, బావ క్లెటస్ ఆమె చేసిన కేకు ఒకటి తెచ్చి చర్చి వంటగదిలో నా ముందు పెట్టాడు.

"ఫ్రీజర్ అడుగున దొరికింది, నాడీన్. ఈసారికి కూడా ఉండలు తన కేకుతోనే చెయ్యి."

ఆర్కన్సా రాష్ట్రంలోని మా ఊళ్లో క్రిస్మస్‌కు ముందు, ఇల్లు కదలలేని ముసలివాళ్లకు కేకు ఉండలు పంచుతాం. ఇరవై ఏళ్లుగా కేకు అక్కది, ఉండలు చుట్టి చాక్లెట్‌లో ముంచి అలంకరించే పని నాది. ఈసారి బజారు కేకులు కొనిపెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే అక్క కేకును ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఆగస్టులో నా డెబ్భయ్యో పుట్టినరోజుకు కేకు తెస్తానని చెప్పి ముఖం చాటేసింది. నలభైమంది ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఫోన్ చేస్తే "కుదర్లేదు" అంది, అంతే. నేనూ మొండిఘటాన్నే, మళ్లీ ఆ గడప తొక్కలేదు. అక్టోబరులో నిద్రలోనే పోయింది. ఆమె పోయినా నా కోపం పోలేదు. శవపేటిక దగ్గర కూడా నేను ఏడవలేదు.

"నేనూ సాయం చేస్తా" అన్నాడు క్లెటస్.

"నువ్వా? గుడ్డు పగలగొట్టడం కూడా చేతకాదు నీకు. పోయి ఆ కుర్చీలో కూర్చో."

పొయ్యి మీద తెల్ల చాక్లెట్ కరగడానికి పెట్టి, కేకును చేత్తో నలిపి పొడి చేశాను. క్రీము ఎంత కలపాలో చూద్దామని చిటికెడు నోట్లో వేసుకున్నాను. ఉప్పు కషాయం. తీపన్నది లేదు.

క్లెటస్ నా ముఖమే చూస్తున్నాడు. "ఎలా ఉంది?"

"ఎప్పట్లాగే ఉంది."

లేచి వచ్చి తనూ చిటికెడు తిన్నాడు. చాలాసేపు నమిలాడు.

"ఇది తను బాగున్నప్పుడు చేసిందేమో అనుకున్నా. వేసవి నుంచీ ఇంతే. చేతికి ఏ డబ్బా అందితే అది వేసేసేది. మతిమరుపు ముదురుతోందని ఎవరికీ చెప్పొద్దంది. నీకైతే అసలు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

"ఏం, నేనేమన్నా పరాయిదాన్నా?"

"నీ పుట్టినరోజుకి మూడుసార్లు కేకు చేసింది, నాడీన్. తెల్లారకముందే లేచి మొదలుపెట్టింది. మూడోదీ ఇలాగే వచ్చింది. బాగుందని అబద్ధమాడా, నమ్మలేదు. అప్పటికే మంచి గౌను వేసుకుని ఉంది. ఆ గౌనుతోనే వంటింట్లో కూలబడిపోయింది."

చాక్లెట్‌లో ఒక్క నీటిచుక్క పడినా గడ్డకట్టి పాడవుతుంది. గిన్నెను అవతలికి నెట్టి, అప్పుడు ఏడ్చాను.

బజారు కేకుల ఉండలతో డబ్బాలు నింపాం. తర్వాత అక్క కేకుతో పదహారు చుట్టి, ముంచి, తడి ఆరకముందే ఎర్ర చక్కెర చల్లాను. ఏ ఏడూ అంత శ్రద్ధగా చేయలేదు.

"ఇవి ఎవరికిస్తావు?" అన్నాడు క్లెటస్.

"ఎవరికీ ఇవ్వను. ఇది నా పుట్టినరోజు కేకు."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. మొదటిది నేనే తీసుకుని, మొత్తం తిన్నాను.