రెండు పేర్లు, ఒకే ఫైలు

రక్తపరీక్షలు చేసే ఆ ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసుకునే ఆమెను అందరూ బ్యాకప్ అక్క అని పిలిచేవారు. పరీక్షల ఫలితాలన్నీ ఉండే డేటాబేసు బాధ్యత ఆమెది. ఆ రోజు సెలవు పెట్టి, అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తమ వంతు కోసం కూర్చుని ఉండగా మేనేజర్ ఫోన్ చేశాడు.

"సర్వర్ డిస్కు పోయిందమ్మా! కౌంటర్ దగ్గర జనం మీద పడిపోతున్నారు. బ్యాకప్ నుంచి లేపాలంటే ఎంతసేపు?"

"స్టోర్‌రూమ్‌లో కొత్త డిస్కు ఉంది సార్. బ్యాకప్‌ని దాంట్లోకి కాపీ చేయమనండి. సాయంత్రం దాకా పడుతుంది."

"సాయంత్రమా! ఇక్కడ తెర మీద లింక్ అని ఇంకో పద్ధతి కనిపిస్తోంది కదా? క్షణాల్లో అయిపోతుందట."

"అది కాపీ కాదు సార్. ఉన్న ఫైలుకే ఇంకో పేరు తగిలిస్తుంది, అంతే. ఒకే గదికి రెండు తలుపులు పెట్టినట్టు. కొత్త పేరుతో తెరిచి ఏం మార్చినా పాత బ్యాకప్ కూడా మారిపోతుంది. దాని జోలికి మాత్రం వెళ్ళకండి."

"సరే, సరే" అని ఫోన్ పెట్టేశాడు. ఆయన "సరే" రెండుసార్లు అన్నాడంటే విననట్టేనని ఆఫీసులో అందరికీ తెలుసు. అదే సమయానికి కంటి డాక్టరు లోపలికి పిలవడంతో ఆమె మళ్ళీ ఫోన్ చేయలేకపోయింది.

మర్నాడు ఉదయం ఆమె వెళ్ళేసరికి ల్యాబ్ అంతా గోలగోలగా ఉంది. ఒకరి షుగర్ రిపోర్టు ఇంకొకరి పేరు మీద వస్తోంది. కొందరి పేర్లే లేవు. ముందురోజు మేనేజర్ లింక్ పద్ధతిలోనే బ్యాకప్ లేపాడు. టీ చల్లారేలోపు సర్వర్ నడిచింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో, ఎప్పటినుంచో ఆగివున్న కొత్త సాఫ్ట్‌వేర్‌ని కూడా దాని మీదే ఎక్కించాడు. అది సగంలో ఆగిపోయి ఫలితాలన్నిటినీ కలగాపులగం చేసింది. "బ్యాకప్ ఉందిగా, మళ్ళీ లేపుదాం" అని ధీమాగా లేపితే, మళ్ళీ అదే కలగాపులగం వచ్చింది. పాడైన ఫైళ్ళూ బ్యాకప్ ఫైళ్ళూ ఒకటే మరి.

ఆమె తెర వైపు ఒక్కసారి చూసి, మేనేజర్ వైపు తిరిగింది.

"లింక్ పెట్టారా?"

ఆయన గోడ వైపు చూశాడు. అంతలో ల్యాబ్ యజమాని అయిన డాక్టరమ్మ పిలుస్తోందని కబురొచ్చింది.

"బ్యాకప్ ముందే పాడైపోయి ఉందట కదా, మేనేజర్ చెప్పాడు" అంది డాక్టరమ్మ, కూర్చోమని కూడా అనకుండా. "నిన్ను నమ్మి అంతా నీ చేతిలో పెట్టాం. ఇదా నీ నిర్వాకం? ముందు బయటికెళ్ళి జనానికి క్షమాపణ చెప్పు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నేను చెప్పను. చేసినవాళ్ళు చెప్పాలి" అని, వెనకే వచ్చి నిలబడ్డ మేనేజర్‌ని అడిగింది. "నిన్న ఫోన్లో నేనేం చెప్పాను సార్?"

"చెప్పావమ్మా, కాదనను. కానీ జనం అరుస్తుంటే... అయినా అంత ప్రమాదమైతే ఆ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని అసలు ఎందుకు పెట్టారు?"

"మందుల షాపులో విషం కూడా దొరుకుతుంది. సీసా మీద రాసింది చదవకుండా గుక్కలో తాగేస్తారా? ఫైలు మార్చకుండా దాచుకోవడానికైతే లింక్ మంచిదే. దాని మీద సర్వర్ నడపడానికి కాదు. ఆ హెచ్చరిక తెర మీదే వచ్చి ఉంటుంది. దాన్నీ 'సరే, సరే' అని నొక్కేసి ఉంటారు!"

గొంతు ఎంత పెరిగిందో ఆమెకే తెలియలేదు. గాజు తలుపు అవతల పని చేసేవాళ్ళు తలలు ఎత్తారు.

"మీరు కూడా వినండి మేడమ్. ఇంకో బ్యాకప్ వేరే డిస్కులో రోజూ పెడదామని ఎన్నిసార్లు అడిగాను? తర్వాత చూద్దామన్నారు. ఇదిగో, ఇప్పుడు చూస్తున్నాం!"

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. అయినా, "ఇప్పుడేం చేయాలి?" అంది.

ల్యాబ్ అంతకుముందున్న భవనంలో ఓ పాత కాపీ ఉందని ఆమె చెప్పింది. దాన్ని కొత్త డిస్కులోకి మామూలుగా కాపీ చేసి నిలబెట్టాలి. ఆ పాత కాపీ తీశాక వచ్చిన ఫలితాల్లో, పరీక్షా యంత్రాల మెమరీలో మిగిలినవి తిరిగి ఎక్కించవచ్చు. దొరకనివాళ్ళను మళ్ళీ రక్తం ఇవ్వమని అడగాలి.

"ఆ ఫోన్లు ఈయనే చేయాలి" అంది ఆమె. "బ్యాకప్ పాడైందని కాదు, 'నేను పాడుచేశాను' అని చెప్పాలి. కాదంటే నేను ఇప్పుడే వెళ్ళిపోతాను."

మేనేజర్ డాక్టరమ్మ వైపు చూశాడు. డాక్టరమ్మ ఫోన్‌ని ఆయన ముందుకు జరిపింది.

ఫలితం దొరకనివాళ్ళలో, ఆ ల్యాబ్‌లోనే రక్తపరీక్ష చేయించుకున్న ఆమె అత్తగారు కూడా ఉంది. కబురు అందగానే చీర కొంగు బిగించుకుని వచ్చేసింది. నరం దొరకక, పోయినసారి రెండు చేతులూ పొడిపించుకున్న మనిషి.

"మళ్ళీ పొడుస్తారా? నేనేమన్నా జల్లెడనా?" అని మేనేజర్ ఎదుట కుర్చీ లాక్కుంది. "ఏం నాయనా, నా కోడలు వద్దు వద్దని మొత్తుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను. వినపడలేదా నీకు?"

"తప్పయిపోయింది అమ్మగారూ" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"నాకు చెప్తావేం? దానికి చెప్పు. గట్టిగా చెప్పు, అందరూ వినాలి."

ఆయన లేచి నిలబడి గట్టిగానే చెప్పాడు. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. కాపీ సాగుతూనే ఉంది. కౌంటర్ దగ్గర ఎవరో ఇంకా ఎంతసేపని విసుక్కున్నారు. అయ్యేదాకా, అని ఆమె జవాబిచ్చింది.

ఇంటికొచ్చాక భర్త అంతా విని, "ఒప్పుకున్నాడుగా. సర్వర్ కూడా నడుస్తోంది. ఇంకా ఆ కోపం దేనికి?" అన్నాడు.

"దేనికా?" గరిటె పొయ్యి గట్టు మీద విసిరికొట్టింది. "నీ తల్లి రెండు చేతులకీ దూది అంటించుకుని ఆ గదిలో పడుకుంది. వెళ్ళి చూసిరా, తర్వాత మాట్లాడు."

అతను లేచి తల్లి గదిలోకి వెళ్ళాడు. ఆమె మాత్రం అన్నం దించి, వేడి గిన్నె ముందు అలాగే నిలబడిపోయింది. కోపం దిగలేదు. దించుకోవాలని ఆమెకూ అనిపించలేదు.