అనుమానం మేస్త్రి

తాపీని వెనక్కి తిప్పి పట్టుకుని, కర్రపిడితో గోడను కింది నుంచి పైకి తట్టుకుంటూ పోతున్నాడు మేస్త్రి. మూడు తట్లు, ఒక అడుగు పక్కకు, మళ్లీ మూడు తట్లు. తర్వాత చెవి ఆనించి వింటాడు. అరచేతుల్లో సిమెంటు తిన్న పగుళ్లు, ఆ పగుళ్లలో మళ్లీ సిమెంటు. చెవి మీద పెన్సిలు ముక్క. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ఇంటావిడ అతని చేతులనే చూస్తూ కూర్చుంది. తొమ్మిదింటికి వేసిన కుర్చీ ఇంకా అక్కడే ఉంది.

రెండో అంతస్తులో పాత ఫ్లాటు అది. ఉన్న రెండు పడగ్గదుల్ని నాలుగు చెయ్యాలి. ఆడపడుచు ఇద్దరు పిల్లలతో వచ్చి ఆరు నెలలైంది. వాళ్లు హాల్లో పడుకుంటారు. ఇంటావిడ కూతురు వంటగదిలో స్టూలు మీద పుస్తకాలు పెట్టుకుని పరీక్షలకు చదువుతోంది. హాలుకీ పెద్ద పడగ్గదికీ మధ్య గోడ తీసేసి, చెక్క అడ్డాలు వేసుకుంటే గదులన్నీ కుదురుతాయి. ప్లానులో అది సన్నటి గీత, అంటే బరువు మోయని అడ్డుగోడ. మేస్త్రికి ఆ ప్లాను మీద నమ్మకం లేదు. నిన్న ఆ గోడలోని పాత అలమారా ఊడదీసినప్పటి నుంచి అసలే లేదు.

అతన్ని తోటివాళ్లు అనుమానం మేస్త్రి అంటారు. తాళం వేసి మూడుసార్లు లాగుతాడు, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి నాలుగోసారి లాగుతాడు. పాలు విరిగితే పాలవాణ్ణీ గిన్నెనూ ఇద్దరినీ అనుమానిస్తాడు. "నన్నూ తల మీద తట్టి చూసే చేసుకుని ఉంటాడు, డొల్లని తేలాక ధైర్యం వచ్చుంటుంది" అని భార్య ఇరుగుపొరుగును నవ్విస్తుంది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, నలభై ఏళ్లుగా ఆ భూతమే అతనికి తిండి పెట్టింది. అతను పని చేసిన ఏ ఇంట్లోనూ కప్పు ఎవరి మీదా పడలేదు. పడని కప్పు గురించి ఎవరు చెప్పుకుంటారు?

"ఇంకా ఎంతసేపు కొడతారు మేస్త్రీ? అదేమన్నా తలుపా, లోపల్నించి ఎవరైనా తీస్తారనుకోడానికి?" అంది ఇంటావిడ.

"గట్టిగా పలుకుతోందమ్మా. అడ్డుగోడ ఇలా పలకదు. పై బరువేదో దీని మీదే కూర్చుంది."

"పైన కూర్చున్నది మా పైవాటా ఆయన. పని సాగదీయడానికి గోడ మీద నెపం పెట్టకండి."

అతను సంచిలోంచి రేకు డబ్బా తీశాడు. అందులో గుడ్డలో చుట్టిన వేలెడేసి గాజుముక్కలు. అలమారా తీసిన చోటికి పైన, పాత సున్నంలో సన్నటి బీట ఉంది. దానికి అడ్డంగా ఒక గాజుముక్క ఆనించి, రెండు చివర్లా ప్లాస్టరు ముద్దలు అద్దాడు. ముద్ద ఆరకముందే దాని మీద మేకుతో తారీఖు గీశాడు. ఇంటావిడ గబగబా వెళ్లి బాత్రూం కిటికీ అద్దాలు చూసుకుని వచ్చింది. అన్నీ ఉన్నాయి. అయినా ఆవిడకు నమ్మకం కుదరలేదు.

"ఏంటిది?"

"గోడ కదిలితే మన కంటికి ఆనదమ్మా. గాజుకి తెలుస్తుంది, విరుగుతుంది. రేపటిదాకా విరక్కపోతే నేనే కొట్టేస్తాను."

మధ్యాహ్నం కాంట్రాక్టర్ వచ్చి, గాజుముక్కను చూసి నవ్వాడు. "బాబాయ్, నీ అనుమానంతో పని మూడు రోజులు వెనకబడింది. రేపు పొద్దున్నే వేరేవాళ్లొస్తారు. నువ్వింక ఇంటికెళ్లి మీ గోడలు తట్టుకో."

ఇంటావిడ అడ్డు చెప్పలేదు. మేస్త్రికి కోపం రాలేదు, భయం వేసింది. గోడ పక్కన చుట్టిపెట్టిన పిల్లల పరుపుల వైపు చూశాడు.

"కొట్టే ముందు గాజు మాత్రం చూడండి బాబూ. అమ్మా, ఈ ఒక్క రాత్రికి పిల్లల్ని ఇక్కడ పడుకోబెట్టకండి."

"చూస్తాంలే, నువ్వెళ్లు" అన్నాడు కాంట్రాక్టర్.

సామాను సర్దుకుంటుంటే ఎడమ భుజం లాగింది. పొద్దుటి నుంచీ లాగుతూనే ఉంది. పొద్దున్నే ఇసుక మోసినందుకేలే అనుకున్నాడు. లోకంలో అన్నిటినీ అనుమానించినవాడు దాన్నొక్కదాన్నే నమ్మేశాడు. మొదటి అంతస్తు మలుపులో ఆయాసం వచ్చి ఆగాడు. కూర్చోబోతూ అలవాటుగా మెట్టును పిడికిలితో తట్టి చూశాడు. మెట్టు గట్టిదే.

నాలుగింటికి పాల కోసం దిగిన ఇంటావిడకు, అతను గోడకు చెవి ఆనించి కూర్చుని కనిపించాడు. 'ఇక్కడా మొదలెట్టారా' అనబోయి ఆగిపోయింది. అతని కళ్లు తెరిచే ఉన్నాయి. తాపీ రెండు మెట్ల కింద పడి ఉంది.

ఆ రాత్రి ఆవిడ పిల్లల పరుపులు వంటగదిలో వేసింది. ఆడపడుచు ఎందుకని అడిగితే, హాల్లో దోమలెక్కువ అంది.

పొద్దున్నే కాంట్రాక్టర్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. "పాపం, మంచోడే. చాదస్తం తప్ప" అంటూ పెద్ద సుత్తి అందుకున్నాడు.

"ఆగండి" అంది ఇంటావిడ. ప్లాస్టిక్ కుర్చీ గోడ దగ్గరకు లాగి, ఎక్కి నిలబడింది. చాలాసేపు చూసింది. దిగి వెనక్కి జరిగింది. "సుత్తి కింద పెట్టండి. పైవాళ్లకి చెప్పండి, ముందు అందరూ బయటికి రండి."

గోడ మీద, ప్లాస్టరు ముద్దపై మేకుతో గీసిన నిన్నటి తారీఖు చెక్కుచెదరలేదు. దాని పక్కన గాజుముక్కలో, ఈ చివర నుంచి ఆ చివరకు, వెంట్రుకంత గీత ఉంది.