సగంలో ఆగిన స్లాబు

ఎల్లయ్య శవాన్ని స్లాబు కింది నుంచి ఇంకా పూర్తిగా బయటికి లాగనే లేదు, అతను తాగి ఉన్నాడని కాంట్రాక్టరు హేమచంద్ పోలీసులకు చెప్పేశాడు. తాగిన మత్తులో ఎవరూ చెప్పకుండానే స్లాబును కింద నుంచి మోసే ఇనుప జాకీలు పీకేశాడట, స్లాబు తన మీదే కూలి చచ్చాడట. యాదవ్వ అక్కడే నిలబడి ఉంది. మొగుడి కాళ్ళు మాత్రమే ఆమెకు కనబడుతున్నాయి. ఆ కాళ్ళ పక్కన నిలబడి అంత మాట అనగలిగినవాడిని ఆమె తేరిపార చూసింది. ఏడవడం కూడా మరిచిపోయింది.

జాకీలు తీయమన్నది హేమచందే. సైటులో ముప్పై మందికీ ఆ సంగతి తెలుసు. మేడ్చల్ రోడ్డు మీద లేస్తున్న ఆ ఆఫీసు భవనానికి మొదట ఐదంతస్తులే గీశారు. తర్వాత ఏడన్నారు. కింది హాలు మధ్యలో నాలుగు పిల్లర్లు ఉండాలి. కారు దిగి అద్దాల తలుపు తోసుకొచ్చే దొరలకు అడ్డంగా కనబడతాయని రెండింటిని తీసేశారు. ఇది ప్రమాదమని సైటు ఇంజనీరు శ్రీదివ్య ఒకసారి అంది. రెండోసారి అనలేదు. కొంపల్లిలో కొత్తగా ఫ్లాటు కొనుక్కున్న ఆ అమ్మాయికి ఉద్యోగం కావాలి మరి.

పై అంతస్తుకు జాకీలు చాలకపోయేసరికి, పోసి తొమ్మిది రోజులే అయిన స్లాబు కింద ఉన్నవి పీకమన్నాడు హేమచంద్. ఎల్లయ్యది పాతికేళ్ళు సెంట్రింగ్ చేసిన చెయ్యి. జాకీని సుత్తితో తట్టి చప్పుడు విని, బరువు ఇంకా దీని మీదే ఉందని చెప్పాడు. నువ్వేమైనా ఇంజనీరువా అని కసిరాడు హేమచంద్. ఎల్లయ్య పీకాడు. దొరల కంటికి అడ్డమని తీసేసిన పిల్లరు ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే పడి చచ్చాడు.

మరి ఆ ముప్పై మంది ఏం చేశారు? వేలిముద్రలు వేశారు. పొద్దున్నే హాజరు కాగితం మీద వేలు నొక్కి పనిలోకి దిగడం వాళ్ళ అలవాటు. మర్నాడు కూడా గుమస్తా కాగితం చాపాడు, వరసగా నొక్కేసి వెళ్ళారు. ఎల్లయ్య తాగొచ్చాడని, మేమంతా కళ్ళారా చూశామని రాసిన కాగితం అది. వారం తర్వాత పోలీసు స్టేషన్‌లో చదివి వినిపిస్తేగాని ఎవరికీ తెలియలేదు. అన్నిటికన్నా పైన ఉన్న ముద్ర ఎల్లయ్య ప్రాణస్నేహితుడు, ముసలి మేస్త్రీ మొగులయ్యది.

శామీర్‌పేట చెరువులో వల వేసి బతికిన ఇంటి పిల్ల యాదవ్వ. చేపలు కోసే కత్తి కొంగులో దాచుకుని మూడు రోజులు హేమచంద్ కోసం సైటు గేటు దగ్గర కాపు కాసింది. నాలుగో రోజు ఆదివారం. మొగులయ్య ఆమె రేకుల షెడ్డుకు వచ్చి, ముఖం ఎత్తలేక గడప దగ్గరే కూర్చున్నాడు. వెనకే మిగతావాళ్ళూ వచ్చారు.

"కత్తి కింద పెట్టు బిడ్డా. పొడిస్తె వాడు ఒక్కపారే సస్తడు. నువ్వు జైలుకు పోతవ్. బిల్డింగు మాత్రం లేస్తది, ఎల్లయ్య తాగుబోతనే పేరుంటది. వాడు బతికుండాలె. బతికుండి సూడాలె."

ఏం చూడాలని అడిగింది యాదవ్వ. పని బంద్ చేద్దామన్నాడు మొగులయ్య. దాంతో షెడ్డంతా గొడవ గొడవైంది. బంద్ చేస్తే దూలపల్లి కూలీల అడ్డా నుంచి మధ్యాహ్నానికి ఇంకో ముప్పై మందిని తెస్తాడని, మనం ఆకలికి మాడతామని సుక్కమ్మ తగులుకుంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. మొగులయ్య లేచి, రేకు సందులకు అతికించిన కాగితాల మీద చెయ్యి వేశాడు. అవన్నీ సైటులో రద్దయిన భవనం నక్షాలు. తీసేసిన ఆ రెండు పిల్లర్ల గీతలూ యాదవ్వ పొయ్యి పైనే ఉన్నాయి.

"ఎన్నడన్న తెస్తడు గని స్లాబు రోజు తేలేడు. సగం పోసినంక ఆపితే ఎవ్వన్ని తెచ్చినా అది అతుకది. మనకు దొరికేది గా ఒక్క రోజే."

స్లాబు పోసే ఆ రోజు గురువారం వచ్చింది. రోడ్డు పొడుగునా ఆరు కాంక్రీటు లారీలు డ్రమ్ములు తిప్పుకుంటూ నిలబడ్డాయి. కలిపిన కాంక్రీటుకు ఆయుష్షు రెండు గంటలు. పదకొండింటికి స్లాబు సగం పోయడం అయింది. యాదవ్వ పార కింద పెట్టి, ఇనుప చువ్వల మీద కూర్చుంది. మొగులయ్య కూర్చున్నాడు. చూస్తుండగానే ముప్పై మందీ కూర్చున్నారు.

హేమచంద్ మొదట బూతులు తిట్టాడు. తర్వాత పోలీసులకు, అడ్డాకు ఫోన్లు కొట్టాడు. అడ్డా నుంచి పదిహేను మంది టెంపోలో దిగారు. మెట్ల దగ్గర సుక్కమ్మ వాళ్ళకు ఎల్లయ్య ఎక్కడ పడ్డాడో చూపించి, ఎందుకు పడ్డాడో చెప్పింది. వాళ్ళు పైకి వచ్చి, పార ముట్టకుండా వీళ్ళ పక్కనే కూర్చున్నారు. అప్పుడు హేమచంద్‌కు చెమట పట్టింది. ఏనాడూ ఆమెను పేరు పెట్టి పిలవనివాడు యాదమ్మా అన్నాడు, ఏం కావాలో చెప్పమన్నాడు.

"ఎల్లయ్య తాగలేదని చెప్పు. జాకీలు నేనే తీయించిన్నని చెప్పు. ముందుగాల చెప్పు, తర్వాత సూద్దాం."

వీడియో తీయడానికి నలభై ఫోన్లు లేచాయి. అతను గొణిగాడు. కింద లారీ డ్రైవర్లకు వినబడలేదు, మళ్ళీ చెప్పమంది. గొంతెత్తి చెప్పాడు. పిల్లర్లు ఎందుకు తీశావో అది కూడా చెప్పమంది. అదీ చెప్పాడు. ముచ్చటగా మూడోసారి, మొదటినుంచి చివరిదాకా చెప్పించింది. యాదవ్వకు కడుపులో మంట చల్లారలేదు గాని, ఆ మంటకు మొదటిసారి మేత దొరికింది.

"ఇగ లేవుండ్రి, జల్దీ," అన్నాడు హేమచంద్.

ఎవరూ లేవలేదు. అప్పటికే ఒంటిగంట దాటింది. యాదవ్వ స్లాబు అంచున నిలబడ్డ ఇంజనీరు శ్రీదివ్య వైపు చూసింది. శ్రీదివ్య వంగి కాంక్రీటును బొటనవేలితో నొక్కింది. వేలు దిగలేదు.

"గట్టిపడిపోయింది సార్. కొత్తది దీనికి అతకదు. మొత్తం పగలగొట్టాల్సిందే. పొయ్యమని నేను సంతకం పెట్టను."

పోలీసులు వచ్చారు. నేరం ఒప్పుకున్నవాడికి కుర్చీ వేశారు, ఆస్తి నష్టం చేశారని యాదవ్వను, మొగులయ్యను జీపెక్కించారు. చట్టం ఎవరి చుట్టమో ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. సుక్కమ్మ జీపు పట్టుకుని పరుగెత్తుతూ, ఇగ మేమేం చెయ్యాలని అడిగింది.

"పగలగొట్టనీకె ఒక్కరు గూడ పోవద్దు. దూలపల్లి అడ్డాకు చెప్పుండ్రి, యాప్రాల్ అడ్డాకు చెప్పుండ్రి. గా స్లాబు గట్లనే ఉండాలె. దినాం వాడు సూడాలె," అని జీపులోంచి అరిచింది యాదవ్వ.

మర్నాడు పొద్దున హేమచంద్ రెండు టెంపోలు తీసుకుని స్వయంగా దూలపల్లి అడ్డాకు వెళ్ళాడు. రెండింతల కూలి ఇస్తానన్నాడు. ఏ సైటని ఒక ముసలామె అడిగింది. చెప్పాడు. నిలబడి ఉన్న రెండు వందల మందీ రోడ్డు మీదే కూర్చున్నారు.