మెడ దగ్గర గుండీ

దర్జీ పని చేసే ఆవిడ కుట్టింది ఇక ఊడేది కాదు. బట్టలే కాదు, బీటలిచ్చిన గోడకి కుట్లు వేసేది, కారే పైపుకి వేసేది. "తీరిక చూసుకుని మా బాల్చీ కూడా కుట్టిపెట్టవా" అని పక్కింటివాళ్ళు గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు. వేసిన కుట్టు విప్పడం ఆవిడ వల్ల కూడా కాదు కాబట్టి కొలతల దగ్గర మాత్రం మహా చాదస్తం.

మొగుడు రంపపు మిల్లులో పనివాడు. ఏదో పనికిమాలిన విషయం మీద మాటామాటా పెరిగి, కొన్నాళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆవిడ గిన్నె ఠంగుమని పెట్టడం, ఆయన తలొంచుకుని తినడం, అంతే.

ఒక పొద్దున ఆయన బయల్దేరుతుంటే చొక్కా మెడ దగ్గర గుండీ ఊడి చేతిలోకొచ్చింది. మిల్లువాళ్ళిచ్చిన చొక్కా, గుండీలన్నీ అంతంతమాత్రమే.

"ఎవరైనా కుట్టిపెడతారేమో," అన్నాడు గోడకేసి చూస్తూ.

ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకుని సూది తెచ్చింది.

"విప్పనా?"

"అక్కర్లేదు. అలాగే నిలబడు."

విప్పిస్తే దూరంగా కూర్చుని కుట్టాలి. అందుకే ఒంటి మీదే కుట్టింది, కావాలని మెల్లగా. చివర్న ఆయన గడ్డం కింద తలపెట్టి దారం పంటితో తెంపింది.

"కోపం పోయినట్టేనా?"

"సాయంత్రం చెప్తాలే, పో."

మధ్యాహ్నం కాకముందే తోటి పనివాడు రొప్పుతూ వచ్చాడు.

"మిషను బెల్టు చొక్కా అంచు పట్టేసింది వదినా. అందరికీ అవుతూనే ఉంటుంది. గుండీలు టపటపా ఊడిపోతాయి, చొక్కా వదిలేసి మనిషి బయటపడతాడు. అన్నయ్యవీ ఊడాయి. పైది ఒక్కటే..."



ఆయన్ని తెచ్చి పడుకోబెట్టాక, దారం ఎక్కించిన సూదితో ఆవిడ పక్కనే కూర్చుంది. కుట్టాలంటే రెండు అంచులుండాలి. ఈ పక్క ఆయన ఉన్నాడు. ఆ పక్క ఏమీ లేదు.

ఆ తర్వాత ఆ వీధిలో ఎవరూ ఒంటి మీద బట్ట కుట్టలేదు. మొదట్లో ఆవిడ చెవిన పడకుండా చెప్పుకునేవారు. చెప్పుకున్నవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఎందుకో తెలియకుండా మాట ఒక్కటీ మిగిలింది.

ఆవిడకి చూపు సరిగా ఆనని వయసులో, కొత్తగా కాపురానికి దిగిన అమ్మాయి గుండీ ఊడిన చొక్కాతోనే మొగుణ్ణి లాక్కొచ్చింది.

"టైమవుతోంది మామ్మగారూ, ఇలాగే కుట్టెయ్యండి," అన్నాడతను.

"అయ్యో, ఒంటి మీద కుట్టకూడదట, అరిష్టం!" అంది ఆ అమ్మాయి.

"ఇవన్నీ ఎవరు పుట్టిస్తారో!"

"విప్పు నాయనా," అంది ముసలావిడ. అతను విప్పేదాకా సూది ముట్టుకోలేదు.